కత్తెర కనబడని సెన్సార్: యుద్ధకాలపు బెర్లిన్‌లో విదేశీ విలేకరులు

1939 ఆగస్టు చివర, పోలండ్ మీద దాడికి కొద్ది రోజులుందనగా, జర్మనీలో రేషన్ కార్డులు పంచారు. మాంసం, వెన్న, చక్కెర, సబ్బు, అన్నీ కొలత ప్రకారమే. గనుల్లో దిగేవాళ్లనూ కొలిమి దగ్గర పనిచేసేవాళ్లనూ 'బరువు పని చేసేవారు' అన్న వర్గంలో చేర్చి, మిగతావారికన్నా ఎక్కువ తిండి ఇచ్చారు. ఆ వర్గంలోకి ఇంకొకరు కూడా వచ్చి చేరారు. బెర్లిన్‌లో మకాం వేసిన విదేశీ పత్రికల విలేకరులు.

టైపురైటర్ ముందు కూర్చునే మనిషికి గని కార్మికుడి రేషన్ ఎందుకు? అందులోనూ, ప్రజాస్వామ్యమంటే పళ్లు కొరికే ప్రభుత్వం, ప్రజాస్వామ్య దేశాల పత్రికలకు రాసేవాళ్లను ఇంత శ్రద్ధగా ఎందుకు మేపింది? యుద్ధం చేస్తున్న నియంతృత్వంలో విలేకరి బతుకు ఎలా ఉంటుందో తెలియాలంటే ఈ ప్రశ్న దగ్గర మొదలుపెట్టడమే మేలు. జైళ్ల కథ తర్వాత వస్తుంది.

మన రాజకీయ సభల్లో 'గోబెల్స్ ప్రచారం' అన్న మాట అరిగిపోయేంతగా వాడుతుంటారు. ఒకే అబద్ధాన్ని వందసార్లు చెప్పి నిజం చేయడమని దాని అర్థం. సొంత ప్రజల విషయంలో హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ నడిపిన మంత్రిత్వశాఖకు ఆ పద్ధతి సరిపోయింది. జర్మన్ పత్రికలన్నిటికీ ఏది రాయాలో, ఏది ఏ పేజీలో వేయాలో రోజూ ఆదేశాలు వెళ్లేవి. న్యూయార్క్‌లోనో షికాగోలోనో పేపరు చదివే మనిషి మాత్రం జర్మన్ రేడియో చెప్పినది నమ్మడు, తన పత్రికకు తన దేశస్థుడు రాసినది నమ్ముతాడు. ఆ నమ్మకం అరువు తెచ్చుకోవాలంటే ఆ విలేకరి బెర్లిన్‌లోనే ఉండాలి, స్వేచ్ఛగా ఉన్నట్టు కనిపించాలి. 1939 సెప్టెంబర్ 3న యుద్ధంలో దిగిన బ్రిటన్, ఫ్రాన్స్ విలేకరులు వెళ్లిపోయారు. అమెరికా మాత్రం 1941 డిసెంబర్ దాకా తటస్థ దేశమే. ఆ రెండేళ్ల పైచిలుకు కాలంలో బెర్లిన్ అమెరికన్ విలేకరుల మీద పడినంత ఒత్తిడి, వాళ్లకు దొరికినంత మర్యాద, రెండూ మరెక్కడా అంత దగ్గర దగ్గరగా కనబడవు.

చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. యుద్ధం మొదలయ్యాక కూడా బెర్లిన్ నుంచి పత్రికలకు వెళ్లే వార్తలకు ముందస్తు సెన్సార్ లేదు. విలేకరి తన స్టోరీని టెలిగ్రాంలో పంపవచ్చు, ఫోనులో చదివి వినిపించవచ్చు. ఎవరూ ఎర్ర పెన్సిలుతో గీత కొట్టరు. ఫోను ఎవరో వింటున్నారనీ, టెలిగ్రాం నకలు ఎక్కడికో చేరుతోందనీ అందరికీ తెలుసు. స్టోరీ అచ్చయ్యాక, అమెరికాలోని జర్మన్ రాయబార కార్యాలయం దాన్ని చదివి బెర్లిన్‌కు కబురు పంపుతుంది. ఆ తర్వాత పిలుపు వస్తుంది. రాసినదానికి బాధ్యత నీదే, ఇదీ సూత్రం.

పైకి ఉదారంగా కనిపించే ఈ ఏర్పాటు కత్తెరకన్నా కఠినమైనదని నా అభిప్రాయం. కత్తెర ఉన్నచోట విలేకరి తెగించి రాయగలడు. పోతే ఆ వాక్యం పోతుంది, మనిషి మిగులుతాడు. పైగా, 'సెన్సార్ పరిశీలించిన వార్త' అని పైన ఒక ముక్క వేస్తే పాఠకుడూ జాగ్రత్తపడతాడు. కత్తెర లేనిచోట హద్దు ఎక్కడుందో ఎవరూ చెప్పరు, దాటిన తర్వాతే తెలుస్తుంది. అందుకని మనిషి హద్దుకు పది అడుగుల ఇవతలే ఆగిపోతాడు. ఆ ఆగిపోవడం ఏ కాగితం మీదా నమోదు కాదు.

అమెరికన్ వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ బెర్లిన్ బ్యూరో చీఫ్ లూయీ లాక్నర్ 1939లో పులిట్జర్ బహుమతి అందుకున్నవాడు. తమకు పైనుంచి వచ్చిన ఆదేశం ఏమిటో ఆయన తర్వాతి కాలంలో దాచుకోకుండా చెప్పాడు. అబద్ధం మాత్రం రాయొద్దు. నిజాన్ని, చిత్రం వక్రించకుండా, అక్కడ కొనసాగనిచ్చేంత మేరకే రాయండి. పాము చావకుండా కర్ర విరగకుండా అన్నమాట. ఇది వార్తా సంస్థ పిరికితనమని తేలిగ్గా కొట్టిపారేయలేం. బ్యూరో మూతపడితే వందలాది పత్రికలకు బెర్లిన్ నుంచి సొంత వార్తంటూ ఉండదు. జర్మన్ ప్రభుత్వ ఏజెన్సీ ఇచ్చిందే దిక్కు. ఈ వాదనలో బలముంది. అయితే 'అక్కడ కొనసాగనిచ్చేంత మేరకు' అన్నదాని కొలబద్ద ఎవరి చేతిలో ఉందో చూడండి. అది ప్రభుత్వం చేతిలో ఉంది. ఆ ప్రభుత్వం ఆ కొలతను ప్రతి నెలా కొంచెం కొంచెం కుదించుకుంటూ పోగలదు.

రేడియో సంగతి వేరు. మైకు ముందు పలికిన మాటను వెనక్కు తీసుకోలేరు కాబట్టి అక్కడ కత్తెర ముందే ఉండేది, అదీ ఒకటి కాదు. అమెరికన్ రేడియో సంస్థ సీబీఎస్ తరఫున బెర్లిన్ నుంచి మాట్లాడిన విలియం షైరర్ స్క్రిప్టును ముగ్గురు చూసేవారు. ప్రచార మంత్రిత్వశాఖ మనిషి, విదేశాంగ శాఖ మనిషి, సైనిక ప్రధాన కార్యాలయం మనిషి. అమెరికాలో సాయంత్రం వార్తల వేళకు అందాలంటే బెర్లిన్‌లో అర్ధరాత్రి దాటాక మాట్లాడాలి. వీధి దీపాలు ఆర్పేసిన నగరంలో తడుముకుంటూ రేడియో భవనానికి చేరి, ముగ్గురితోనూ వాక్యం వాక్యానికీ వాదించి, మిగిలిన ముక్కలను అతుకులు తెలియకుండా కలిపి చదవాలి.

ఆ వాదనలు ఒక్కోసారి ఒక్క మాట చుట్టూ తిరిగేవి. 'నాజీ' అనకూడదు, అమెరికాలో ఆ మాటకు చెడ్డ పేరుంది కాబట్టి 'నేషనల్ సోషలిస్టు' అనాలి. 1940 ఏప్రిల్‌లో డెన్మార్క్, నార్వేల మీదికి సైన్యం వెళ్లినప్పుడు 'దండయాత్ర' అన్న మాట పనికిరాదు. షైరర్ దీనికి ఒక విరుగుడు కనిపెట్టాడు. కాగితం మీద అమాయకంగా కనిపించే వాక్యాన్ని గొంతు విరుపుతో, చిన్న విరామంతో, అమెరికన్ యాసలోని పలుకుబడితో పలికితే, వినేవాడికి అసలు అర్థం తగులుతుంది. కొంతకాలం సాగింది. తర్వాత అమెరికాలో బతికి వచ్చిన జర్మన్లను సెన్సార్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వాళ్లకు యాస తెలుసు, ఎగతాళి తెలుసు. ఆ దారీ మూసుకుపోయింది.

1940 ఆగస్టు 25 రాత్రి బ్రిటిష్ విమానాలు మొదటిసారి బెర్లిన్ నగరం మీద బాంబులు వేశాయి. షైరర్ ఆ రాత్రి రేడియో భవనంలోనే ఉన్నాడు. బయట విమాన విధ్వంసక ఫిరంగులు హోరెత్తుతున్నాయి. ఆయన చదవాల్సిన స్క్రిప్టులో మాత్రం దాడి ఊసే ఉండకూడదు. ఆ తర్వాతి రోజుల్లో పెదవులకు ఆనించి మాట్లాడే రకం మైకులు తెచ్చారు. వాటిలో మనిషి గొంతు తప్ప చుట్టూ ఉన్న చప్పుడు వినబడదు. ఈ ఒక్క వివరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సెన్సార్ అంటే మాటలను కొట్టివేయడం అనుకుంటాం. ఇక్కడ గది బయటి ఆకాశాన్నే కొట్టేశారు.

తిండి సంగతికి మళ్లీ వద్దాం. విలేకరులను ఎవరు మచ్చిక చేసుకోవాలన్న విషయంలో గోబెల్స్‌కూ విదేశాంగ మంత్రి రిబెన్‌ట్రాప్‌కూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఒకరు ప్రెస్ మీట్ పెడితే మరొకరూ రోజూ పెట్టాలి. ఒకరు విదేశీ విలేకరుల కోసం క్లబ్బు తెరిస్తే మరొకరు ఇంకో క్లబ్బు తెరిచారు. ఊరంతా బంగాళాదుంపలతో సరిపెట్టుకుంటున్న వేళ ఆ క్లబ్బుల్లో మాంసం, మద్యం, కాఫీ దొరికేవి. ఉప్పు తిన్నవాడు మెత్తబడతాడని వాళ్ల లెక్క. ఎవరైనా కటువుగా రాస్తే ముందు జరిగేది అరెస్టు కాదు. యుద్ధరంగం చూపించే తర్వాతి యాత్రలో పేరుండదు, ఫోను లైను దొరకడానికి గంటలు పడుతుంది, అధికారులు పలకరించడం మానేస్తారు. పోటీ పత్రికవాడికి అన్నీ దొరుకుతుంటాయి. మీ ఎడిటర్ నుంచి 'అతనికి వచ్చిన వార్త నీకెందుకు రాలేదు' అని టెలిగ్రాం వస్తుంది. ఇలా శిక్ష వేసే పని సగం పోటీ సంస్థలే చేసిపెట్టేవి.

ఆ రెండు శాఖల పోరులో కొన్ని నిజాలు బయటికి జారేవి కూడా. ప్రచార శాఖలో విదేశీ పత్రికల విభాగాన్ని చూసిన కార్ల్ బ్యోమర్ 1941 మే నెలలో బల్గేరియా రాయబార కార్యాలయం విందులో తాగిన మైకంలో రష్యా మీద రాబోయే దాడి గురించి నోరు జారాడు. రిబెన్‌ట్రాప్ వర్గం దాన్ని ఆయుధంగా వాడుకుంది. బ్యోమర్ అరెస్టయ్యాడు, శిక్షపడింది, తర్వాత తూర్పు రంగానికి వెళ్లి 1942లో చనిపోయాడు. విలేకరులను అదుపులో పెట్టే అధికారికే అంత గతి పట్టిన చోట, మామూలు జర్మన్ పౌరుడు విలేకరితో మాట్లాడాలంటే ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు.

భారం ఎవరి మీద పడింది?

విదేశీ విలేకరికి పాస్‌పోర్టు ఒక కవచం. మరీ శ్రుతి మించితే దేశం నుంచి వెళ్లగొడతారు. అతనికి సమాచారం ఇచ్చిన జర్మన్‌కు ఆ కవచం లేదు. యుద్ధానికి ముందే ఇది తేలిపోయింది. గోబెల్స్ జర్మన్ పత్రికలకు ఇచ్చే రహస్య ఆదేశాల ప్రతులను విదేశీ విలేకరులకు చేరవేశాడన్న నేరం మీద 'బెర్లినర్ బ్యోర్సెన్ త్సైటుంగ్' పత్రికలో పనిచేసే జర్మన్ జర్నలిస్టుకు 1936లో యావజ్జీవ కారాగారం పడింది. ఆ ప్రతుల ఆధారంగా వార్త రాసిన విదేశీయుడు మహా అయితే రైలెక్కి వెళ్లిపోతాడు.

అందుకని బెర్లిన్‌లో మంచి విలేకరి మొదట నేర్చుకున్నది రాయకపోవడం. ఎవరు చెప్పారో గుర్తుపట్టగలిగే వివరం స్టోరీలో ఉంచకూడదు. ఆఫీసులో నోట్సు వదలకూడదు. పార్కులోనో, రద్దీగా ఉండే బారులోనో కలుసుకోవాలి, పేర్లు పలకకూడదు. బ్యూరోలో పనిచేసే జర్మన్ సహాయకుడిని పోలీసులు వారానికోసారి పిలిచి ప్రశ్నిస్తున్నారని తెలిసినా, అతన్ని నిందించలేం. అతని ఇల్లూ పిల్లలూ ఇక్కడే ఉన్నారు. 'విశ్వసనీయ వర్గాల సమాచారం' అని ఆనాటి వార్తల్లో కనిపించే పొడి మాట వెనుక, ఇలా ఒక మనిషి మెడ ఉండేది.

ఈ బెదిరింపు ఎలా పనిచేస్తుందో 1933లోనే ఎడ్గార్ మౌరర్‌కు అనుభవమైంది. షికాగో డైలీ న్యూస్ విలేకరి, బెర్లిన్ విదేశీ పత్రికల సంఘం అధ్యక్షుడు. పదవి వదలమంటే వదల్లేదు. అప్పుడు వియన్నా పత్రిక ఒకదానికి రాసే వృద్ధుడు, యూదుడు అయిన పాల్ గోల్డ్‌మన్‌ను పోలీసులు పట్టుకున్నారు. గోల్డ్‌మన్‌ను విడిచిపెడితే రాజీనామా ఇస్తానని మౌరర్ ఒప్పుకున్నాడు. తర్వాత దేశమూ వదలాల్సి వచ్చింది. మరుసటి ఏడాది, 1934 ఆగస్టులో, అమెరికన్ విలేకరి డొరొతీ థామ్సన్‌కు 24 గంటల గడువిచ్చి పంపేశారు. వీళ్లను పంపేసిన తీరు మిగిలినవాళ్లకు పాఠమైంది.

షికాగో ట్రిబ్యూన్ బ్యూరో చీఫ్ సిగ్రిడ్ షుల్ట్స్ కథ వేరు. ఆమె 1926 నుంచి ఆ బాధ్యతలో ఉంది, అధికారులందరినీ విందులకు పిలిచి కూర్చోబెట్టి మాట్లాడించే నేర్పరి. 1935లో ఆమె లేనప్పుడు ఎవరో ఇంటికొచ్చి ఒక కవరు ఇచ్చి వెళ్లారు. లోపల విమాన ఇంజిను నమూనా పత్రాలు. అవి ఇంట్లో దొరికితే గూఢచర్యం కేసు. ఆమె వాటిని అప్పటికప్పుడు పొయ్యిలో వేసి కాల్చేసింది. దారిలో తన ఇంటివైపు వస్తున్న మనుషులను ఆపి, కాల్చేశానని మొహం మీదే చెప్పింది. ఆ తర్వాత ఆడ్లాన్ హోటల్లో జరిగిన విందులో వైమానిక మంత్రి గోరింగ్‌నే నిలదీసింది. ఆయన ఆమెను 'షికాగో డ్రాగన్' అన్నాడు. ఆమె మరో ఎత్తు కూడా వేసింది. ఘాటైన స్టోరీలను జర్మనీ బయటి ఊళ్ల నుంచి వచ్చినట్టు చూపే డేట్‌లైన్‌తో, 'జాన్ డిక్సన్' అన్న మారుపేరుతో అచ్చు వేయించింది. వార్త మీద సొంత పేరు, అంటే బైలైన్, వదులుకోవడం విలేకరికి ఎంత కష్టమో ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు.

యుద్ధం ముదిరేకొద్దీ వెళ్లగొట్టడంతో సరిపెట్టడం పోయింది. 1940 జూన్‌లో జర్మన్, సోవియట్ సంబంధాలు చెడుతున్నాయని రాసినందుకు న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ విలేకరి రాల్ఫ్ బార్న్స్‌ను పంపించేశారు. ఏడాది తిరిగాక ఆ వార్త అక్షరాలా నిజమైంది. అది చూడటానికి బార్న్స్ లేడు. 1940 నవంబర్‌లో బ్రిటిష్ బాంబర్‌లో వెళ్తూ యుగోస్లావియాలో అది కూలి చనిపోయాడు. 1941 మార్చిలో యునైటెడ్ ప్రెస్‌కు చెందిన రిచర్డ్ హాటెలెట్‌ను గూఢచర్యం అనుమానం మీద పట్టుకుని నాలుగు నెలలు జైల్లో ఉంచారు. అదే సమయంలో అమెరికాలో జర్మన్ వార్తా సంస్థ ట్రాన్సోషన్ ఉద్యోగులు ఇద్దరిని అరెస్టు చేశారు. జూలైలో ఇరుపక్షాలూ తమ తమ ఖైదీలను మార్చుకున్నాయి. అంటే విలేకరి మారకపు సరుకు కూడా అయ్యాడు. అతను ఏం రాశాడన్నదాంతో నిమిత్తం లేకుండా, అతని దేశం ఏం చేస్తుందన్నదాన్ని బట్టి తలుపు గడియ పడుతుంది.

చూపించినదే చూడటం

సొంతంగా యుద్ధరంగానికి వెళ్లే వీలు లేదు. సైన్యం కార్లు, సైన్యం అధికారులు, సైన్యం నిర్ణయించిన దారి. 1939 సెప్టెంబర్‌లో పోలండ్‌కు, 1940 వేసవిలో బెల్జియం, ఫ్రాన్స్‌లకు అలాగే తీసుకువెళ్లారు. గెలుస్తున్నన్నాళ్లూ తీసుకెళ్లడం ప్రభుత్వానికీ ఇష్టమే. కోంపియేన్ అడవిలో 1940 జూన్ 22న ఫ్రాన్స్ లొంగుబాటు సంతకాలు జరిగినప్పుడు, వార్తను బెర్లిన్ నుంచే ప్రకటించాలన్న ఉద్దేశంతో చాలామంది విలేకరులను వెనక్కు పంపారు. షైరర్ అక్కడే ఉండిపోయి, మరో అమెరికన్ రేడియో సంస్థ ఎన్‌బీసీ మనిషితో కలిసి మైకులో మాట్లాడాడు. బెర్లిన్‌లో రికార్డు చేసి ఆపాల్సిన ఆ ప్రసారం, సాంకేతిక పొరపాటువల్ల నేరుగా న్యూయార్క్ వెళ్లిపోయింది. జర్మన్ ప్రకటనకన్నా ముందే అమెరికా వినేసింది. ఆయన కెరీర్‌లోకెల్లా పెద్ద వార్త బయటపడింది ఒక యంత్రం చేసిన తప్పువల్ల.

1941 అక్టోబర్ 9న అధికార పత్రికా ప్రతినిధి ఓటో డీట్రిష్ విలేకరులందరినీ పిలిచి, సైనికంగా రష్యా పని అయిపోయిందని ప్రకటించాడు. హాల్లో ఉన్నవాళ్లలో అనుమానించినవాళ్లు ఉన్నారు. అయినా వార్త పంపక తప్పదు, చెప్పింది ప్రభుత్వం కాబట్టి అది వార్తే. అనుమానాన్ని మాత్రం పంపే వీల్లేదు. 'ఫలానావారు అన్నారు' అన్న నియమం స్వేచ్ఛ ఉన్నచోట విలేకరిని కాపాడుతుంది. ఇక్కడ అదే నియమం అబద్ధాన్ని మోసే బండి అయింది.

అటువైపు మాస్కోలో పద్ధతి తిరగేసి ఉండేది. ప్రతి కాగితం మీద విదేశాంగ కమిసారియట్ (విదేశాంగ శాఖ) ముద్ర పడితేనే టెలిగ్రాఫ్ ఆఫీసు తీసుకుంటుంది. విలేకరులను మెట్రోపోల్ హోటల్లో ఉంచి, యుద్ధరంగం అరుదుగా చూపించేవారు. ఈ రెండు రాజ్యాలూ ఒకే గోతుల దగ్గరికి విలేకరులను తీసుకెళ్లిన సందర్భం ఒకటుంది. 1943 ఏప్రిల్‌లో స్మోలెన్స్క్ దగ్గర కటిన్ అడవిలో పోలిష్ సైనికాధికారుల సామూహిక సమాధులు బయటపడ్డాయని జర్మన్లు ప్రకటించి, తటస్థ దేశాల విలేకరులను రప్పించి చూపించారు. 1944 జనవరిలో, ఆ ప్రాంతం చేతికొచ్చాక, సోవియట్లు మాస్కోలోని పాశ్చాత్య విలేకరులను రైల్లో తీసుకెళ్లి అవే శవాలను చూపించి, ఇది 1941 వేసవిలో జర్మన్లు చేసిన పని అన్నారు. వేసవిలో చంపితే వీళ్ల ఒంటిమీద చలి కోట్లు ఎందుకున్నాయని విలేకరులు అడిగారు. సరైన జవాబు రాలేదు. ఆ ప్రశ్న మాస్కో సెన్సార్‌ను దాటి బయటికి వెళ్లే దారీ లేదు. 1940 వసంతంలో తమ రహస్య పోలీసులే ఆ హత్యలు చేశారని సోవియట్ ప్రభుత్వం ఒప్పుకున్నది 1990లో.

వేరేచోట్ల ఎన్నో హత్యలు చేసిన నాజీలు ఈ ఒక్కసారికి నిజమే చెప్పారన్నది మింగుడుపడని విషయం. ఆతిథ్యం ఇచ్చిన ప్రభుత్వం స్వభావాన్ని చూసి వార్త నిజమో కాదో తేల్చుకోలేమని నాకు ఇక్కడే అర్థమైంది. చలి కోటులాంటి వస్తువు ఒక్కటే విలేకరికి దిక్కు.

బయటపడ్డాక

కొన్ని వార్తలు సరిహద్దు దాటాకే వార్తలయ్యాయి. మానసిక రోగులనూ వికలాంగులనూ జర్మన్ ప్రభుత్వం రహస్యంగా చంపిస్తోందని షైరర్‌కు 1940 శరత్కాలంలో తెలిసింది. 1941 ఆగస్టు నాటికి ఆ పథకంలో 70 వేల మందికి పైగా చంపేశారు. బెర్లిన్‌లో ఉండగా ఆ మాట మైకులో పలకడం అసాధ్యం. తన మీద గూఢచర్యం కేసు అల్లుతున్నారన్న హెచ్చరిక అందాక, 1940 డిసెంబర్‌లో ఆయన వెళ్లిపోయాడు. ఏళ్ల తరబడి రాసుకున్న డైరీలను పెట్టె అడుగున పెట్టి, పైన సెన్సార్ ముద్రలున్న తన పాత స్క్రిప్టులు పేర్చాడు. పెట్టెను తానే నాజీ రహస్య పోలీసులైన గెస్టపో కార్యాలయానికి తీసుకెళ్లి సీలు వేయించుకున్నాడు. విమానాశ్రయంలో ఆ సీలు చూసి ఎవరూ తెరవలేదు. ఇన్నాళ్లూ మాటలను ఆపిన ముద్రలే ఆ రోజు మాటలను దాటించాయి.

మరో సీబీఎస్ విలేకరి హోవర్డ్ కె. స్మిత్ 1941 డిసెంబర్ 6న స్విట్జర్లాండ్ రైలెక్కాడు. మర్నాడే పెర్ల్ హార్బర్‌లోని అమెరికా నౌకాదళం మీద జపాన్ దాడి. అదే నెల 11న హిట్లర్ అమెరికా మీద యుద్ధం ప్రకటించాడు. మిగిలిన అమెరికన్ విలేకరులను పట్టుకుని, దౌత్య సిబ్బందితో పాటు బాడ్ నౌహైమ్ ఊళ్లోని ఒక హోటల్లో ఐదు నెలలు నిర్బంధించారు. లాక్నర్ కూడా వాళ్లలో ఉన్నాడు. 1942 మే నెలలో లిస్బన్‌లో వాళ్లను జర్మన్ పౌరులతో మార్చుకున్నారు.

అసోసియేటెడ్ ప్రెస్ ఫొటో విభాగం కథ మాత్రం అక్కడ ఆగలేదు. యూదులను పత్రికా వృత్తి నుంచి తప్పిస్తూ 1933 అక్టోబర్‌లో వచ్చిన సంపాదకుల చట్టం ఆ విభాగంలోని జర్మన్ ఉద్యోగులకు వర్తించింది. దాని ఒత్తిడికి తలొగ్గి 1935లో సంస్థ తన యూదు ఉద్యోగులను తీసేసి, వాళ్లు వేరే దేశాల్లో స్థిరపడేందుకు సాయం చేసింది. మిగిలిన అమెరికన్ ఫొటో ఏజెన్సీలు వెళ్లిపోయాయి, అది ఉండిపోయింది. విలేకరులు లిస్బన్ మీదుగా ఇంటికి చేరిన ఆ 1942లోనే, అమెరికా ప్రభుత్వ వర్గాలకు తెలిసే, ఒక ఫొటోల మార్పిడి ఒప్పందం మొదలైంది. జర్మన్ ఫొటోలు ఇటు, అమెరికన్ ఫొటోలు అటు, ముందు లిస్బన్ మీదుగా, తర్వాత స్టాక్‌హోమ్ మీదుగా, 1945 దాకా వెళ్తూనే ఉన్నాయి. బెర్లిన్‌లో వాటిని అందుకున్నది విదేశాంగ శాఖ కింద, నాజీ పార్టీ సాయుధ దళమైన ఎస్‌ఎస్‌కు చెందిన ఒక అధికారి నడిపిన కార్యాలయం. సంస్థ ఈ చరిత్రను స్వయంగా తవ్వి నివేదిక వెలువరించింది 2017లో, అదీ అంతకు ముందు ఏడాది ఒక జర్మన్ చరిత్రకారిణి పాత కాగితాలు బయటపెట్టాక.